వ్యూన్స్‌డోర్ఫ్‌లో మన సిపాయిల గొంతులు

బెర్లిన్ నుంచి దక్షిణంగా వెళ్ళే రీజనల్ రైలు ఊరి పొలిమేర దాటగానే పైన్ చెట్ల మధ్యకు వచ్చేస్తుంది. బ్రాండెన్‌బుర్గ్ అంతా ఇసుక నేల. గోదావరి డెల్టాలో నల్లమట్టి తొక్కి పెరిగినవాణ్ణి నేను. చెట్ల మొదళ్ళలో తెల్లగా మెరిసే ఆ ఇసుకను చూస్తే ఇక్కడ ఏం పండుతుందా అనిపించింది. గంటలోపే త్సోసెన్ వచ్చింది. ఆ తర్వాతి స్టేషన్ వ్యూన్స్‌డోర్ఫ్. మాతోపాటు దిగినవాళ్ళు ఎక్కువమంది లేరు.

బెర్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు నాకు తోడొచ్చాడు. "మ్యూజియాలన్నీ వదిలేసి ఈ అడవికెందుకు మావయ్యా?" అని రైల్లో అడిగాడు. కొన్నేళ్ళుగా మా ప్రాంతంలోని మాజీ సైనికుల దగ్గర కూర్చుని, వాళ్ళు చెప్పేది రికార్డు చేస్తున్నాను. ఆ పని చేసేవాళ్ళకి వ్యూన్స్‌డోర్ఫ్ ఒక చూడాల్సిన చోటు. తాను వెళ్ళిన యుద్ధం గురించి భారతీయ సిపాయి తన గొంతుతో చెప్పిన మాట రికార్డుకెక్కిన తొలి చోట్లలో ఇదొకటి. మొదటి ప్రపంచయుద్ధంలో జర్మన్లకు పట్టుబడిన మన సిపాయిలను ఈ అడవిలోనే ఉంచారు. 1915 నుంచి 1918 వరకు జర్మన్ పండితులు ఇలాంటి శిబిరాలకు గ్రామఫోన్ యంత్రాలు మోసుకొచ్చి ఖైదీల గొంతులు పట్టారు. ఆ రికార్డులు ఇప్పటికీ బెర్లిన్‌లో ఉన్నాయి. వాటిని వినేముందు ఆ మాటలు పలికిన నేల చూడాలనుకున్నాను.

స్టేషన్ నుంచి ఏ దారి పట్టినా సైన్యం ఆనవాళ్ళే. కైజర్ల కాలంలోనే ఇది సైనిక స్థావరం. తర్వాత హిట్లర్ సైన్యపు ప్రధాన కార్యాలయం ఇక్కడి భూగర్భంలోకి వచ్చింది. విమానాల్లోంచి చూస్తే పల్లెటూరి ఇళ్ళలా కనిపించేలా పైన పెంకుటిళ్ళ ఆకారాలు కట్టి, కింద బంకర్లు తవ్వారు. యుద్ధం ముగిశాక సోవియట్ సైన్యం వచ్చింది. తూర్పు జర్మనీలోని తన బలగాలను 1994 దాకా ఇక్కడి నుంచే నడిపింది. ఆ రోజుల్లో స్థానికులకు లోపలికి ప్రవేశం లేదు. మాస్కోకు నేరుగా రైలుండేది. అప్పటి ఆఫీసర్ల భవనం ఎదుట లెనిన్ విగ్రహం ఇంకా నిలబడే ఉంది. వెనక కిటికీ అద్దాలు పగిలిన గదులు వరసగా కనిపిస్తాయి.

మూడు సైన్యాలు వచ్చి వెళ్ళిన ఊళ్ళో మేము వెతుకుతున్నది ఒక వీధి పేరు: మోషేష్ట్రాసె, అంటే మసీదు వీధి. జర్మనీ నేల మీద ప్రార్థనల కోసం కట్టిన తొలి మసీదు ఈ దరిదాపుల్లోనే ఉండేది. పూర్తిగా చెక్కతో కట్టారు. గుమ్మటంతో, దాదాపు 23 మీటర్ల మినారుతో 1915 జూలైలో దాన్ని ప్రారంభించారు. 1914 నవంబరులో ఒట్టోమన్ సుల్తాన్ బ్రిటన్, ఫ్రాన్స్, రష్యాల మీద జిహాద్ ప్రకటించాడు. ఆ దేశాల సైన్యాల్లో ఉన్న ముస్లిం సిపాయిలను తమవైపు తిప్పుకోవచ్చని జర్మన్ ప్రభుత్వం ఆశపడింది. అందుకే ఉత్తర ఆఫ్రికా, భారతదేశాల నుంచి వచ్చి పట్టుబడిన ఖైదీలను ఈ "అర్ధచంద్ర శిబిరం"లోకి చేర్చింది. భారతీయులకు వేరే విభాగం ఉండేది. అందులో ముస్లింలే కాదు, హిందువులు, సిక్కులు, గూర్ఖాలు కూడా ఉన్నారు. మాంసం కోతలో, వంటలో, పండగల్లో ఎవరి ఆచారం వారికి జరిగేలా చూసుకున్నారు. గౌరవం చూపిస్తే మనసు మారుతుందన్న లెక్క అది.

మసీదు 1920ల మధ్యలోనే నేలమట్టమైంది. 2015లో సిరియా, ఇరాక్, అఫ్ఘానిస్థాన్ల నుంచి శరణార్థులు పెద్ద సంఖ్యలో జర్మనీకి వచ్చినప్పుడు, వాళ్ళకు వసతి కోసం ఈ స్థలాన్నే ఎంచుకున్నారు. నిర్మాణానికి ముందు పురావస్తు శాస్త్రవేత్తలు తవ్వితే మసీదు జాడలు బయటపడ్డాయి. నూరేళ్ళ వ్యవధిలో ఒకే నేల ఒక యుద్ధంలో పట్టుబడినవాళ్ళకీ, మరికొన్ని యుద్ధాల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళకీ ఆశ్రయమైంది. వీధి చివర పిల్లలు సైకిళ్ళు తొక్కుతున్నారు. వాళ్ళలో ఒకడు మా వాడితో జర్మన్‌లో మాట కలిపి, మేము ఎవరి కోసం వచ్చామని అడిగాడు. "నూరేళ్ళ కిందట ఇక్కడున్న మా దేశం సైనికుల కోసం" అని వాడు చెబితే, ఆ పిల్లాడు అబ్బురంగా మా వెనకున్న ఖాళీ స్థలం కేసి చూశాడు.

ఇంతకీ మనవాళ్ళు ఇక్కడికి ఎలా వచ్చారు? 1914 శరత్కాలంలో లాహోర్, మీరట్ డివిజన్లు ఫ్రాన్సులోని మార్సెయ్ రేవులో దిగాయి. ఎండ దేశంలో వేసుకునే పల్చటి బట్టలతోనే చాలామంది దిగారు. కొద్ది వారాల్లోనే ఈప్ర దగ్గర కందకాల్లోకి పంపేశారు. 1915 మార్చిలో న్యూవ్ షాపెల్ దాడిలో ముందు నడిచినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు. ఆ యుద్ధంలో మొత్తం మీద 13 లక్షల మందికి పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్ళారు. 74 వేలకు పైగా చనిపోయారు. ఫ్రాన్సుకు వెళ్ళిన పటాలాల్లో పంజాబ్, గఢ్వాల్, నేపాల్, సరిహద్దు పఠాన్ ప్రాంతాలవాళ్ళే ఎక్కువ. కొన్ని జాతులే యుద్ధానికి పుట్టాయన్న సిద్ధాంతాన్ని పట్టుకుని బ్రిటిష్‌వాళ్ళు అంతకు ముందు కొన్ని దశాబ్దాలుగా మద్రాసు పటాలాలను తగ్గిస్తూ వచ్చారు. మన ప్రాంతపు పేర్లు ఎక్కువగా మెసపటోమియా, పాలస్తీనా వైపు కనిపిస్తాయి. మద్రాసు సాపర్స్ అనే ఇంజనీరింగ్ దళంవాళ్ళు మెసపటోమియాలో పనిచేశారు. నిజాం పంపిన హైదరాబాద్ లాన్సర్లు సూయజ్ కాలువ దగ్గర, తర్వాత 1918లో హైఫా దాకా సాగిన దండయాత్రలో ఉన్నారు.

అయినా ఈ శిబిరంతో హైదరాబాదుకు ఒక సంబంధం ఉంది. సరోజినీ నాయుడు తమ్ముడు వీరేంద్రనాథ్ ఛటోపాధ్యాయ 1880లో హైదరాబాదులో పుట్టాడు. ఐ.సి.ఎస్. చదువుకని ఇంగ్లండ్ వెళ్ళి విప్లవకారుడయ్యాడు. యుద్ధకాలంలో బెర్లిన్‌లో భారత స్వాతంత్ర్య సంఘాన్ని నడిపినవాళ్ళలో ఆయన ముఖ్యుడు. ఆ సంఘంవాళ్ళు శిబిరాల్లో సిపాయిలతో మాట్లాడేవారు. ఉర్దూలో, హిందీలో అచ్చయ్యే శిబిర పత్రిక పంచేవారు. బ్రిటిష్‌వాడి కోసం ఎందుకు చస్తారు, మన దేశం కోసం పోరాడండి అన్నది వాళ్ళ మాట. కొద్దిమంది విన్నారు, చాలామంది వినలేదు. వినకపోవడంలో పిరికితనం లేదు. ఊళ్ళో తల్లిదండ్రులు, పెన్షన్, భూమి, తిన్న ఉప్పు ఒకవైపు, తెలియని దేశంలో తెలియని వాగ్దానం ఇంకోవైపు. వీరేంద్రనాథ్ తర్వాత మాస్కో చేరి, 1937లో స్టాలిన్ కాలపు ఊచకోతకు బలయ్యాడు. సిపాయిల కోసం వచ్చినవాళ్ళందరూ, జర్మన్ అధికారులు గానీ మన విప్లవకారులు గానీ, వాళ్ళకేదో చెప్పడానికే వచ్చారు. వాళ్ళు చెప్పేది పట్టుకోవడానికి వచ్చినవాళ్ళు వేరు.

విల్హెల్మ్ డోగెన్ బెర్లిన్‌లో బడిపంతులు. ప్రపంచ జాతులన్నిటి గొంతులతో ఒక మ్యూజియం కట్టాలన్నది ఆయన కల. ప్రపంచం నలుమూలల మనుషులూ ఖైదీలుగా జర్మనీలోనే దొరుకుతుంటే, దేశదేశాలు తిరగక్కర్లేదని ఆయనకు తోచింది. 1915లో ప్రష్యన్ ప్రభుత్వం ఒక ఫోనోగ్రాఫ్ సంఘం వేసింది. కార్ల్ ష్టుంఫ్ దానికి అధ్యక్షుడు. ముప్పైమంది దాకా పండితులు అందులో పనిచేశారు. భారతీయ భాషల పని హైన్‌రిష్ ల్యూడర్స్ అనే సంస్కృత పండితుడిది. యుద్ధం ముగిసేలోగా సుమారు 250 భాషలు, మాండలికాల్లో 1,650 షెల్లాక్ రికార్డులు తయారయ్యాయి. మైనపు సిలిండర్ల మీద పట్టిన పాటలు, సంగీతం దీనికి అదనం.

రికార్డింగు ఆషామాషీగా జరగలేదు. సిపాయి ఏం చెప్పాలో, ఏం పాడాలో ముందే నిర్ణయించి కాగితం మీద పెట్టేవారు. తడబడకుండా చదివించి చూసుకునేవారు. తర్వాత బూర ముందు నిలబెట్టి యంత్రం తిప్పేవారు. దొరికేది కొద్ది నిమిషాలే. ప్రతి మనిషికీ ఒక ఫారం నింపేవారు: పేరు, వయసు, పుట్టిన ఊరు, తల్లిదండ్రుల ఊరు, మతం, వృత్తి, ఏ భాషలొచ్చు, చదవడం రాయడం వచ్చా, పాడగలడా, ఏ వాయిద్యమైనా వచ్చా. చివర గొంతు ఎలాంటిదో రాసేవారు. ఏ యుద్ధంలో పట్టుబడ్డావు, ఏం చూశావు, ఏం పోగొట్టుకున్నావు అన్న ప్రశ్నలకు అందులో చోటు లేదు. పండితులకు కావలసింది ఉచ్చారణ. అందుకని చాలామంది చేత బైబిల్లోని తప్పిపోయిన కుమారుడి కథ చెప్పించారు. కొందరు పాట పాడారు, కొందరు జానపద కథ చెప్పారు. భవాన్ సింగ్ అనే ఆయన దయ్యాల సంగతి చెప్పాడు. స్వదేశంలోనూ ఇదే జరిగింది. గ్రియర్సన్ భారతీయ భాషా సర్వే కోసం గ్రామఫోన్ రికార్డులు చేయించినప్పుడూ మన భాషలవాళ్ళ చేత చెప్పించింది ఆ తప్పిపోయిన కుమారుడి కథే.

వ్యూన్స్‌డోర్ఫ్ నుంచి, శిబిరంలో చనిపోయినవాళ్ళ సమాధులున్న త్సేరెన్స్‌డోర్ఫ్ దాకా నడిచాం. ఊరు లేదు, పేరే మిగిలింది. సైనిక శిక్షణ కోసం ఒకప్పుడు ఆ పల్లెను ఖాళీ చేయించారు. ఇసుక దారికి రెండువైపులా పైన్, బర్చ్ చెట్లు. అడుగు లోతుగా దిగుతుంది, నడక నెమ్మదిస్తుంది. చాలాకాలం ఈ చోటు కూడా సోవియట్ సైన్యం ఆవరణలోనే ఉండిపోవడంతో సమాధులు పాడుబడ్డాయి. కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం వాటిని బాగుచేసి 2005లో మళ్ళీ తెరిచింది. ఇక్కడ 206 మంది భారతీయులు ఉన్నారు. కాస్త దూరంలో రష్యా సైన్యం నుంచి పట్టుబడిన తాతార్ ముస్లింల స్మారక శిల ఉంది.

రాళ్ళ మీద పేరు, రెజిమెంటు, తేదీ ఉన్నాయి. మా వాడు ఒక్కో పేరూ పైకి చదువుతూ నడిచాడు. తూటా దెబ్బకు పోయినవాళ్ళు కాదు వీళ్ళు. చలి, క్షయ ఎక్కువమందిని తీసుకుపోయాయి. 1917లో మిగిలిన భారతీయుల్లో చాలామందిని కాస్త వెచ్చగా ఉంటుందని దక్షిణ రుమేనియాకు తరలించారు. "వీళ్ళింట్లోవాళ్ళకి ఈ చోటు తెలిసుంటుందా మావయ్యా?" అన్నాడు మా వాడు. చావు కబురు ఒక కాగితం మీద చేరి ఉంటుంది. ఈ చెట్లు, ఈ ఇసుక, ఆ చివరి చలికాలం కాగితంలోకి రావు. అవి చెప్పడానికి తిరిగి వెళ్ళినవాడే కావాలి, అతన్ని అడిగేవాళ్ళూ కావాలి.

బెర్లిన్ నడిబొడ్డున, పాత రాజప్రాసాదం స్థానంలో మళ్ళీ కట్టిన హంబోల్ట్ ఫోరం ఉంది. ఆ రికార్డులను దాచుకున్న హంబోల్ట్ విశ్వవిద్యాలయపు లౌట్‌ఆర్కీవ్ ఇప్పుడు అందులోనే ఉంది. అక్కడ చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని మాల్ సింగ్‌ను విన్నాను. 1916 డిసెంబరు 11న పట్టిన గొంతు. ఫిలిప్ షెఫ్నర్ 2007లో తీసిన "హాఫ్‌మూన్ ఫైల్స్" అనే డాక్యుమెంటరీ తర్వాత ఈ రికార్డు చాలామందికి తెలిసింది. మాల్ సింగ్ ఫిరోజ్‌పూర్ జిల్లా రణసుఖి గ్రామంవాడు. అప్పటికి ఇరవై నాలుగేళ్ళు. షెల్లాక్ గరగర వెనక నుంచి పంజాబీ వినిపిస్తుంది. మాట మొత్తం నిమిషంన్నర కూడా లేదు.

ఆయన "నేను" అని మొదలుపెట్టలేదు. ఒక మనిషి ఉండేవాడు, హిందుస్థాన్‌లో వెన్న తినేవాడు, ఇంగ్లీషువాడి కొలువులో చేరి ఐరోపా యుద్ధానికొచ్చాడు, జర్మన్లు పట్టుకున్నారు అంటాడు. ఇప్పుడు తిరిగి వెళ్ళాలనుకుంటున్నాడు, వెళితే ఆ తిండి మళ్ళీ దొరుకుతుంది అంటాడు. ఇంకో రెండేళ్ళు ఇక్కడే ఉంటే ఆ మనిషి చచ్చిపోతాడు అంటాడు. దేవుడు దయతలచి సంధి కుదిరితే ఇక్కణ్ణుంచి వెళ్తాం అని ముగిస్తాడు. ఎవరో ఒక మనిషితో మొదలైన కథ చివరికొచ్చేసరికి "మేము" అయింది.

పంజాబీ నాకు అంతంత మాత్రం. అనువాదం చేతిలో పెట్టుకునే విన్నాను. కానీ గొంతు బరువెక్కిన చోటును కాగితం చూపించదు, చెవికే తెలుస్తుంది. పండితులడిగింది ఉచ్చారణ. ఆయన దాన్లో తన జీవితం ఇరికించాడు. ఖైదీ కాబట్టి, పక్కనే శత్రుదేశపు అధికారి నిలబడి ఉన్నాడు కాబట్టి, ముందే రాసిచ్చిన మాట కాబట్టి, "ఒక మనిషి" అనే చాటున నిలబడి చెప్పాడు. ఆ రికార్డు భాషా నమూనాగా పుట్టింది, ఇవాళ యుద్ధసాక్ష్యంగా వింటున్నాం. పండితుల ఉద్దేశం వల్ల కాదు, మాల్ సింగ్ తెగింపు వల్ల అది చరిత్ర అయింది.

అదే యుద్ధంలో సిపాయిల మాటలు మరోచోట కూడా నిలిచాయి. ఫ్రాన్సు నుంచి వాళ్ళు ఇంటికి రాయించిన ఉత్తరాలను బ్రిటిష్ సెన్సారు చదివేది. చాలామందికి రాయడం రాదు. ఒకరు చెబితే ఇంకొకరు రాసేవారు. సైన్యంలో అసంతృప్తి ఉందేమో పసిగట్టాలని సెన్సారువాళ్ళు కొన్ని భాగాలు ఇంగ్లీషులోకి తీసి నివేదికలు చేశారు. అసలు ఉత్తరాలు చాలావరకు పోయాయి, ఆ ఇంగ్లీషు భాగాలు మిగిలాయి. సెన్సారు చదువుతుందని తెలిసి సిపాయిలు గుప్తంగా రాసేవారు. ఆడవాళ్ళనో మిరియాలనో చెప్పినట్టు చెప్పి, ఇంకేదో తెలియజేసేవారు. చరిత్రకారుడు డేవిడ్ ఒమిస్సీ ఆ ఉత్తరాలను 1999లో పుస్తకంగా తెచ్చాడు. అంటే ఆ యుద్ధపు భారతీయ సిపాయిల మాట మనకు దక్కింది ప్రధానంగా రెండు దార్లలో. ఒకటి అనుమానంతో దాచింది, ఇంకొకటి భాషాశాస్త్రం కోసం దాచింది. రెండు చోట్లా సిపాయి చాటుమాటుగానే మాట్లాడాల్సి వచ్చింది. రెండు చోట్లా ఎవరూ ఆయన్ని "నీ కథ చెప్పు" అనలేదు.

మా ఊళ్ళవైపు నేను చేస్తున్న పనిని ఈ గొంతు పక్కన పెట్టి చూసుకున్నాను. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది, అందరూ మిలట్రీ మాధవరం అంటారు. తరాల తరబడి ఇంటికొకరు చొప్పున సైన్యానికి వెళ్ళిన ఊరది. ఆ పేరు లేని ఊళ్ళలోనూ, రాయలసీమ పల్లెల్లోనూ, శ్రీకాకుళంలోనూ, తెలంగాణ జిల్లాల్లోనూ "మిలట్రీ తాత" అనిపించుకునే మనిషి ఒకరైనా తగులుతారు. 1965, 1971 యుద్ధాలు చూసినవాళ్ళు, శ్రీలంకలో శాంతిసేనతో అడవుల్లో తిరిగినవాళ్ళు, కార్గిల్ కొండలెక్కినవాళ్ళు వీళ్ళలో ఉన్నారు. 1971లో ఇరవై ఏళ్ళ కుర్రాడు ఇప్పుడు డెబ్బై దాటాడు.

వీళ్ళ దగ్గర కూర్చుంటే మొదట వచ్చేది అందరికీ చెప్పే కథ: ఏ సంవత్సరం చేరారు, ఏ యూనిట్, ఏ సెక్టారు, ఏ మెడల్. ఆగస్టు 15న బడిలో చెప్పేది ఇదే. దాన్ని అడ్డుకోకూడదు, పూర్తిగా చెప్పనివ్వాలి. అది అయ్యాక కాసేపు మౌనం ఉంటుంది. అడిగేవాడు ఆ మౌనాన్ని ఇంకో ప్రశ్నతో పూడ్చకుండా ఓపిక పడితే, అసలు మాట మొదలవుతుంది. ఫిరంగుల దగ్గర పనిచేసిన ఒకాయన, ఒక చెవి పోయిన మనిషి, యుద్ధం గురించి చెబుతూ చెబుతూ కంచరగాడిద దగ్గర ఆగిపోయాడు. మందుగుండు మోసుకుంటూ కాలుజారి లోయలో పడిపోయిన గాడిద అది. దాని పేరు చెప్పాడు. తోటి జవాన్ల చావు గురించి మామూలుగా చెప్పిన గొంతు అక్కడ వణికింది. ఇంకో ఇంట్లో ఆయన తేదీ తప్పు చెబితే వంటింట్లోంచి ఆయన భార్య సరిదిద్దింది. "ఆ నెల మీ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదు, నాకు తెలుసు" అంది. అప్పటినుంచి ఆమెను కూడా కూర్చోమంటున్నాను. సైనికుడి యుద్ధంలో సగం ఇంటి దగ్గర జరుగుతుంది.

కొందరు ఒక చోటికొచ్చి, "అది చెప్పకూడదు" అంటారు. సైన్యపు రహస్యమో, మనసు ఒప్పని జ్ఞాపకమో, రెండూ గౌరవించాలి. ఏడుపొస్తే యంత్రం ఆపాలి. మళ్ళీ మొదలుపెట్టమనే హక్కు చెప్పేవాళ్ళదే. ఈ నియమాలు కొత్తవి కావు. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం 1972లో శబ్ద విభాగం మొదలుపెట్టి, మామూలు సైనికుల్ని గంటల తరబడి మాట్లాడించింది. అమెరికా చట్టసభ 2000లో తెచ్చిన చట్టంతో అక్కడి జాతీయ గ్రంథాలయంలో మాజీ సైనికుల చరిత్ర సేకరణ మొదలైంది. ఏ ఊరివాడైనా తన తాతను కూర్చోబెట్టి కనీసం అరగంట మాట్లాడించి పంపితే తీసుకుంటారు. పండితుల కోసం ఎదురుచూడక్కర్లేదన్నది దాని బలం.

మనకూ దారి చూపినవాళ్ళున్నారు. తెలంగాణ సాయుధ పోరాటంలో తిరిగిన స్త్రీల దగ్గరకు వెళ్ళి, స్త్రీశక్తి సంఘటన "మనకు తెలియని మన చరిత్ర" పుస్తకాన్ని 1986లో తెచ్చింది. చిట్యాల ఐలమ్మ, మల్లు స్వరాజ్యం తదితరుల మాట వాళ్ళ నుడికారంలోనే అందులో అచ్చయింది. దళంలో తుపాకీ పట్టినవాళ్ళు, అన్నం మూటలు మోసినవాళ్ళు, పసిబిడ్డ ఏడుపు శత్రువుకు వినపడుతుందేమోనని భయపడినవాళ్ళు తమ కథ తామే చెప్పారు. పోరాటం ఆగిపోయాక పార్టీ తమను ఇంటికి ఎలా పంపేసిందో కూడా చెప్పారు. పోరాట చరిత్రలు చాలా వచ్చాయి గానీ, ఆ మాట అంత సూటిగా బయటికొచ్చింది వాళ్ళనే అడగడం వల్ల. వ్యూన్స్‌డోర్ఫ్ ఫారంలో లేని గడులన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయి.

రికార్డు చేయడం సగం పనే, దాచడం మిగతా సగం. షెల్లాక్ పళ్ళెం కాబట్టి మాల్ సింగ్ గొంతు నూరేళ్ళు నిలిచింది. కానీ నిలిచింది బెర్లిన్‌లో. లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ 2008లో ఈ సేకరణ నుంచి బ్రిటిష్, వలసదేశాల ఖైదీల రికార్డులకు డిజిటల్ కాపీలు తెచ్చుకుంది. మాట్లాడినవాళ్ళ ఊళ్ళు మాత్రం ఈ దారిలో ఎప్పుడూ ఆఖరున వచ్చాయి. ఆ తప్పు మన పనిలో జరగకూడదు. మొదటి కాపీ చెప్పినవాళ్ళింట్లోనే ఉండాలి. ఎవరు వినవచ్చో, ఎప్పుడు వినవచ్చో వాళ్ళే చెప్పి సంతకం చేయాలి. ఫోనులో పట్టినా సరే, కుదించని ఫైలుగా పెట్టి, పేరు, ఊరు, తేదీ, యూనిట్ అందులోనే చెప్పించాలి. విత్తనం వడ్లన్నీ ఒక్క గాదెలోనే పోసే రైతు ఉండడు. ఈ రికార్డులూ మూడు చోట్ల ఉండాలి: ఇల్లు, ఊరి గ్రంథాలయమో బడో, ఒక విశ్వవిద్యాలయం. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల్లో పెన్షన్ కాగితాలున్నాయి, మాజీ సైనికుల వివరాలున్నాయి. ఆ పేర్ల వెనక గొంతులు చేర్చడం చరిత్ర శాఖల విద్యార్థులకు ఒక ఏడాది ప్రాజెక్టుగా ఇవ్వదగ్గ పని.

తిరిగి వచ్చే విమానం ఎక్కేముందు మా వాడు ఒక మాట అన్నాడు. "మా నాన్నగారి బాబాయి మిలట్రీలో చేశారు కదా, సెలవులకి వచ్చినప్పుడు ఆయన్ని అడుగుతాను." ఏం అడుగుతావన్నాను. "ఏ యుద్ధంలో చేశారు అని." దానికి బదులు, "ఎందుకు చేరావు తాతా, ఆ రోజు ఇంట్లోంచి ఎలా బయల్దేరావు?" అని అడగమన్నాను. యుద్ధం గురించి అడిగితే యుద్ధం పేరు చెప్తారు. బయల్దేరిన పొద్దు గురించి అడిగితే రైలు, తల్లి కట్టిన మూట, జేబులో డబ్బులు, భయం, ఆశ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. ఆ తర్వాత యుద్ధం దానంతటదే వస్తుంది.

మాల్ సింగ్‌కి దొరికింది నిమిషంన్నర, అదీ కాపలా మధ్య, రాసిచ్చిన కాగితంతో. అంతలోనే ఆయన తన ఊరిని, ఆకలిని, భయాన్ని, ఆశను చెప్పగలిగాడు. మన ఇళ్ళల్లో ఉన్నవాళ్ళు ఖైదీలు కారు. వాళ్ళు "నేను" అంటూ తమ పేరుతో, తమ భాషలో, తమ అరుగు మీద కూర్చుని చెప్పగలరు. అందుకు కావలసింది ఒక మధ్యాహ్నం, ఒక ఫోను, మధ్యలో మాట్లాడకుండా వినగల ఒక మనిషి. ఈసారి పండక్కి ఊరెళ్ళేవాళ్ళు ఆ మధ్యాహ్నాన్ని వాళ్ళకివ్వండి.